పులుసు పక్కన పెట్టిన గ్లాసు

హోటల్ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను కలిస్తే అడిగేది ఒకటే. "పెద్ద పెద్దవాళ్ళకు వడ్డించి ఉంటారు కదా సార్, ఎవరెవరు?" అని. వాళ్ళకు సినిమావాళ్ళ కబుర్లు కావాలి. నేను చేపల పులుసు గురించి మొదలుపెడతాను. ముఖాలు వాడిపోతాయి. అయినా ఆపను. నా సర్వీసు మొత్తంలో ట్రే చేతిలో పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడిపోయిన రోజు అదొక్కటే.

నేను పెద్దగా చదువుకోలేదు. దొరవారిసత్రం దగ్గర మాది వరి పండించుకునే ఇల్లు. ఇంటర్ సగంలో ఆపేసి హోటళ్ళ వెంట పడ్డాను. నాకున్న చదువంతా గ్రంథాలయాల్లో కూర్చుని సంపాదించుకున్నదే. ఈ మాట గొప్పగానే చెప్పుకుంటాను. డిగ్రీలున్నవాళ్ళు గోడకు పటాలు కట్టుకుంటారు, నాకు ఆ వీలు లేదు కాబట్టి నోటితో చెప్పుకోవాలి.

ఇది కొన్నేళ్ళ కిందటి సంగతి. నెల్లూరు జిల్లాలో, జువ్వలదిన్నె వైపు సముద్రం ఒడ్డున, రొయ్యల చెరువులు దాటాక, సరుగుడు తోపుల మధ్య ఒక హోటల్ ఉండేది. శని ఆదివారాల్లో చెన్నై నుంచీ బెంగళూరు నుంచీ కార్లు దిగేవి. నేను అక్కడ రెస్టారెంట్ కెప్టెన్ని. ఆర్డర్ తీసుకోవడం, వడ్డించేవాళ్ళను చూసుకోవడం, ఎవరైనా వైన్ అడిగితే సీసా తెరిచి పోయడం నా పని. ఓనర్ రొయ్యల వ్యాపారంలో ఎదిగి, మంచి హోటల్ పెట్టాలన్న కోరికతో దిగినాయన. కొంచెం తొందర మనిషి, చెడ్డవాడు మాత్రం కాదు.

హోటల్ వెనకాల ఒక షెడ్డు ఉండేది. అందులో కట్టెల పొయ్యిలు, మట్టి దాకలు, అంటే వెడల్పాటి మూతి ఉన్న వంట కుండలు. జువ్వలదిన్నె నుంచి వచ్చే ఒకావిడ అక్కడ ఊరి వంటలు చేసేది. వయసులో నాకంటే చిన్నదే అయినా ఓనర్‌తో సహా అందరం ఆమెను అక్కా అనే పిలిచేవాళ్ళం. ఆమెకు తోడు ఆమె ఆడబిడ్డ. పడవ మీద మోకాలు విరగ్గొట్టుకున్నాక అక్క భర్త వలకు పోవడం మానేశాడు. రెండు సంసారాలు ఆ షెడ్డు మీదే నడుస్తున్నాయి.

అక్క పులుసుకు ఒక పద్ధతుంది. పొద్దున్నే హార్బర్‌లో వంజరం చూసి తెస్తుంది. మధ్యాహ్నం పులుసు పెడుతుంది. మామిడికాయ ముక్కలు వేసి దించి, గుడ్డ కప్పి, ఆ రాత్రికి పొయ్యి పక్కనే వదిలేస్తుంది. అది మర్నాడు గెస్టులకు. ఈ రోజు దించిన పులుసు ఈ రోజు గెస్టు పళ్ళెంలో పడదు. నెల్లూరువాళ్ళకు ఇది చెప్పాల్సిన పని లేదు, మన ఇళ్ళలో జరిగేదే. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. నిన్నటి పులుసున్న దాక గెస్టులది, స్టాఫ్ ముట్టుకోకూడదు. మాకు పెట్టేది ఆ రోజు చేసిందే, తలకాయా తోకా వేసి విడిగా కాచినది, పొగలు కక్కుతూ.

గొడవ రెడ్ వైన్‌తో మొదలైంది. చెన్నైలో స్థిరపడిన ఒక పెద్దాయన, ఆయన భార్య మా దగ్గరికి తరచుగా వచ్చేవాళ్ళు. బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, నాణ్యం తెలిసినవాడు. ఒక ఆదివారం రెడ్ వైన్ తెప్పించుకున్నాడు, ముందు ఒక గుక్క తాగి బాగుందన్నాడు. తర్వాత పులుసన్నం తిన్నాడు. మళ్ళీ గ్లాసు ఎత్తి, వెంటనే దించేశాడు.

"ఇది చెడిపోయిందయ్యా. ఇనుప మేకు చప్పరించినట్టుంది."

వాసన చూశాను. ఏ లోపమూ లేదు. ఇంకో సీసా తెరిచాను. మళ్ళీ అదే మాట. ఆ నెలలో ఇంకొందరు కూడా గ్లాసులు వెనక్కి పంపారు. అందరి టేబుళ్ళ మీదా చేపల పులుసే ఉంది.

ఓనర్ నన్నూ, బార్ చూసుకునే కుర్రాణ్ణీ పిలిపించాడు. వాణ్ణి మేమంతా తమ్ముడనే పిలిచేవాళ్ళం.

"వైన్ తాగేవాళ్ళు లేకపోతే ఈ హోటల్ నడవదు. పులుసు లేకపోయినా నడుస్తాది. ఆ షెడ్డు తీసేసి కబాబ్ కౌంటర్ పెట్టేస్తా."

"రెడ్ వైన్ వద్దని గెస్టులకు చెప్తాం సార్," అన్నాను.

"వద్దంటావు సరే. మరేం తాగమంటావు? పులుసుతో పడే వైన్ ఏదుండాదో చెప్పు."

నాకు తెలియదు. కానీ "చెప్తాను సార్" అన్నాను. ఆ రెండు ముక్కలు నోట్లోంచి ఎలా వచ్చాయో ఇప్పటికీ అర్థం కాదు.

"చెన్నై పెద్దాయన వచ్చే ఆదివారం మధ్యాహ్నానికి టేబుల్ చెప్పినాడు. ఆయన దగ్గరే చూపించు. ఆయన గ్లాసు వెనక్కొస్తే సోమవారం షెడ్డు ఉండదు," అన్నాడు ఓనర్.

నేను వెనక్కి వెళ్ళేసరికి కబురు నాకంటే ముందే షెడ్డు చేరింది. అక్క చింతపండు పిసుకుతూ తల కూడా ఎత్తలేదు.

"ఏందన్నా, నా పులుసు మీద పంచాయితీ పెట్టినారంట?"

"వైన్‌కి పులుసు పడటం లేదంటున్నారక్కా."

"పులుసుకి వైన్ పడటం లేదని చెప్పకూడదా? యాడో పుట్టిన సీసా అది. నా పులుసు ఈడనే ఉండాది గదా."

"ఆదివారం దాకా టైమిచ్చాడు."

అప్పుడు చేతులు కడుక్కుంది. "షెడ్డు మూస్తే నేను మళ్ళీ చేపల గంప ఎత్తుకుంటా. నాకేం కొత్త కాదు. నా ఆడబిడ్డకే నెత్తిన బరువు నిలవదు. రెండు వీధులు తిరిగితే మెడ పట్టేస్తాది దానికి." పక్కన ఆడబిడ్డ ఉల్లిపాయలు తరుగుతూ నవ్వింది గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

మర్నాడు నా వారపు సెలవు. నెల్లూరులో పెద్ద గ్రంథాలయానికి బస్సెక్కాను. అక్కడ వైన్ మీద పుస్తకం ఉంటుందా అని నవ్వకండి. ఎవరో పుణ్యాత్ముడు ఇంగ్లీషులో ఉన్న హోటల్ పుస్తకాలు ఒక కట్ట ఇచ్చి పోయాడు. అట్టలూడిపోయి, కింది అరలో పడున్నాయి. గ్రంథాలయం చూసుకునే మేడం నాకు వాటితో పాటు ఒక నిఘంటువు కూడా అలవాటుగా బల్ల మీద పెట్టేసింది. "ఈసారి ఏం పరీక్షండీ?" అంది. "పులుసు పరీక్ష" అన్నాను.

ఒక పుస్తకంలో వైన్‌తో కుదరని తిండ్ల గురించి ఒక అధ్యాయమే ఉంది. గుడ్డు, వెనిగర్, పచ్చి కూరలు, మిరప. ఒక్కొక్కటీ వైన్‌ని ఎలా పాడుచేస్తుందో రాశారు. రెడ్ వైన్‌లో వగరు ఉంటుంది, లేత అరటికాయ కొరికినట్టు. కొన్నిటిలో కాస్త ఇనుము కూడా ఉంటుంది. అది చేప నూనెతో కలిస్తే నీచు వాసనా, లోహపు రుచీ వస్తాయట. పెద్దాయన చప్పరించిన మేకు ఇదన్నమాట! కారం తగిలితే ఆ వగరు ఇంకా గరగరలాడుతుంది. పులుపు ఎక్కువున్న తిండి పక్కన తక్కువ పులుపున్న వైన్ చప్పబడిపోతుంది, అందుకని వైన్ కనీసం తిండంత పుల్లగా ఉండాలి. ఇదంతా బాగానే ఉంది, చింతపండు మాట మాత్రం ఎక్కడా లేదు. అది రాసినవాళ్ళు చింతపండు చూసి ఉండరు.

అప్పుడు లేచి, కాలేజీ పిల్లలు చదివే ఆహార రసాయనశాస్త్రం పుస్తకం తీశాను. ఏ కాయలో ఏ పులుపుందో పట్టిక వేశారు. నిమ్మకాయలో ఒకటి, ఆపిల్‌లో ఒకటి. వేలు పెట్టుకుంటూ కిందికొచ్చాను. చింతపండు దగ్గర టార్టారిక్ ఆమ్లం అని ఉంది. ఈ మాట ఇంతకు ముందే ఎక్కడో చదివాననిపించింది. వైన్ పుస్తకం మళ్ళీ తెరిచాను. ద్రాక్షలో ముఖ్యమైన పులుపు టార్టారిక్ ఆమ్లం. మామూలుగా మనం తినే కాయల్లో అది అంతగా ఉండేవి చాలా తక్కువట.

నాకు ఒళ్ళు జలదరించింది. చింతచెట్టెక్కడ, ద్రాక్షతీగెక్కడ! ఒకటి మన రోడ్ల పక్కన ఎండకు నిలబడేది, ఇంకోటి చల్లటి దేశాల్లో పందిళ్ళకు పాకేది. రెండూ తమ కాయల్లో దాచుకున్న పులుపు ఒకటే. మా అమ్మ చారులో పిసికిందీ, ఎక్కడో దొరలు పీపాల్లో దాచుకున్నదీ ఒకటే. పక్క బల్ల దగ్గర పోటీ పరీక్షలకు చదువుకునే అబ్బాయికి చెబుదామనుకున్నాను. ఆపుకోలేక చెప్పేశాను కూడా. "మంచిదండీ" అని మళ్ళీ తన పుస్తకంలోకి వెళ్ళిపోయాడు.

తిరుగు బస్సులో దారి పొడుగునా చింతచెట్లనే చూస్తూ వచ్చాను.

శుక్రవారం మధ్యాహ్నం పరీక్ష పెట్టుకున్నాం. బార్ తమ్ముడు రెండు తెల్ల వైన్‌లు తెచ్చాడు. ఒకటి నాసిక్ వైపు చేసినది, బాగా పుల్లగా, వెనకాల పలచగా తీపి ఉండేది. రెండోది తియ్యటిది, ఐస్‌క్రీముతో ఇచ్చే రకం. అక్క పొయ్యి మీద నుంచి దించిన పులుసు గిన్నెలో పోసిచ్చింది. పుస్తకంలో చెప్పినట్టు నేను గుక్క పుక్కిట పట్టి, బకెట్లో ఉమ్మేస్తున్నాను.

"మింగకుండా ఉమ్మేసేదానికి ఇంత లైబ్రరీ కావాల్నా అన్నా?" అన్నాడు తమ్ముడు.

మొదట పుల్లటిది. నా లెక్క ప్రకారం అదే గెలవాలి, ఒకే పులుపు కదా. పులుసు తిని గుక్క వేశాను. నోట్లో మంట. పులుపు మీద పులుపు ఎక్కి పళ్ళు జివ్వుమన్నాయి. మళ్ళీ వేశాను, అంతే.

"మీ టార్టారిక్ అన్నదమ్ములు కొట్టుకుంటుండారు," అన్నాడు తమ్ముడు.

తియ్యటిది వేస్తే మంట చల్లారింది, ప్రాణం హాయిగా ఉంది. తమ్ముడూ అదే అన్నాడు. ఇద్దరం దానికే ఓటు వేశాం. తియ్యటి సీసాలన్నీ ఫ్రిజ్జుకెక్కాయి, పుల్లటివి అటక మీదికి. నేను లోపల కొంచెం బాధపడ్డాను. పుస్తకం ఓడిపోయింది కదా అని.

మేం చేసిన తప్పు ఏమిటో మీరీపాటికి కనిపెట్టి ఉంటారు. మేం మాత్రం ఆదివారం దాకా కనిపెట్టలేదు. గెస్టుల దాక ముట్టకూడదన్న అలవాటు మాలో ఎంత ఇంకిపోయిందంటే, ఆ దాకలో ఉన్నది మేం రుచి చూసిన పులుసు కాదన్న ఊహే రాలేదు. అక్కకూ రాలేదు. పరీక్ష వైన్‌కి పెడుతున్నామనుకుంది, పులుసుకు పరీక్షేమిటి?

ఆదివారం పెద్దాయనా భార్యా వచ్చి కిటికీ పక్కన కూర్చున్నారు. ఓనర్ పక్క టేబుల్ దగ్గర పేపరు తెరిచాడు, చదవడం లేదు. నేను తియ్యటి సీసా పట్టుకుని, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని షెడ్డులోకి వెళ్ళాను. టేబుల్ మీదికి పంపేముందు ఆ పూట సీసాతో ఆ పూట వంటని ఒకసారి సరిచూసుకోవాలని పుస్తకంలో ఉంది. అక్కని అడిగాను. నిన్నటి దాకలోంచి స్టాఫ్‌కి పెట్టమని అడిగిన మొదటివాణ్ణి నేనే అనుకుంటాను. ఆమె ఒక్క క్షణం చూసి గుడ్డ తీసింది.

అన్నేళ్ళుగా ఆ దాకల పక్కనుంచి నడిచానే గానీ, అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. నూనె పైకి తేలి రాగి రంగులో నిశ్చలంగా ఉంది. మామిడి ముక్కలు అంచులు కరిగి పులుసులో కలిసిపోతున్నాయి. చేప ముక్క మీద పులుసు అంటుకున్నట్టు లేదు, ముక్క లోపల్నుంచి ఊరినట్టుంది. శుక్రవారం నాలుక మీద దూకిన పులుపు ఈ దాకలో రాత్రికి రాత్రి ఎక్కడికో లోతుకు పోయి కూర్చుంది. రుచి చూసి తియ్యటి వైన్ తాగాను.

నాశనం. చేపల మీద పాకం పోసినట్టుంది.

"ఏందన్నా, ముఖం అట్టా పెట్టినావు?" అంది అక్క.

"తమ్ముడూ! పుల్లటిది తే!"

వాడు పరుగున వెళ్ళి అటక మీది సీసా తెచ్చాడు. గది వేడికి గోరువెచ్చగా ఉంది. అలాగే తెరిచి ఒక గుక్క వేశాను, ఇంత పులుసు నాలుక మీద ఉండగానే.

ఏం జరిగిందో చెప్పడానికి ఇన్నేళ్ళుగా మాటలు వెతుక్కుంటున్నాను. ముందు పులుసు కనబడలేదు. వైన్ కూడా కనబడలేదు. రెండూ కలిసి నోరంతా శుభ్రంగా, ఖాళీగా అయినట్టనిపించింది. తర్వాత ఒక్కొక్కటే మెల్లగా పైకి వచ్చాయి. మామిడి వచ్చింది. మెంతి వాసన వచ్చింది. వంజరం తియ్యదనం వచ్చింది, అది ఆ చేపలో ఉందని కూడా నాకంతకు ముందు తెలియదు. దాకలో పులుపు మెత్తబడటానికి రాత్రంతా పట్టింది, దానికి సరిపడే తోడునేమో మేమే అటకెక్కించాం. ఆమ్లం పేరు చదివినప్పుడు కలిగిన జలదరింపు మళ్ళీ కలిగింది, ఈసారి నోటి లోపల. ఉమ్మడం మరిచిపోయాను.

"అన్నా, సీసా వేడిగా ఉండాది. ఫ్రిజ్జులో పెడితే అరగంట పడతాది," అన్నాడు తమ్ముడు.

అక్క మూల ఉన్న చేపల పెట్టె మూత లేపింది. నలగ్గొట్టిన ఐసు ఇంకా చల్లబడేందుకు దాని మీద గుప్పిళ్ళతో ఉప్పు చల్లింది. చేపల్ని పక్కకు నెట్టి తమ్ముడు అటక మీంచి తెచ్చిన మరో పుల్లటి సీసాని మెడ దాకా పూడ్చింది. "వంజరాన్ని గడ్డకట్టిస్తాది ఈ పెట్టె. నీ సీసా ఎంత?" అంది. పెద్దాయనకు ముందు అప్పడాలు, వేపుడు పంపి కాలం గడిపాం. తీసేసరికి సీసా చేతిని కరుస్తోంది. నీచు వాసన పోయేదాకా నిమ్మచెక్కతో తుడిచాం.

టేబుల్ దగ్గర పోస్తుంటే పెద్దాయన అనుమానంగా చూశాడు.

"మళ్ళీ మేకులేనా?"

"ముందు పులుసన్నం ఒక ముద్ద సార్. తర్వాత ఒక్క గుక్క. అప్పుడే ఏమీ అనకుండా మళ్ళీ ఒక ముద్ద."

తిన్నాడు. తాగాడు. మళ్ళీ తిన్నాడు. చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. కళ్ళు కిటికీలోంచి సరుగుడు తోపు వైపు ఉన్నాయి గానీ ఏమీ చూడటం లేదు.

"ఏమైంది? ముల్లా?" అంది భార్య కంగారుగా.

తల అడ్డంగా ఊపాడు. తన గ్లాసు ఆమె ముందుకు జరిపాడు. ఆమె ఎప్పుడూ వైన్ ముట్టేది కాదు. పులుసన్నం తిని, పెదవులు తడిపి, భర్త వైపు చూసింది. ముప్పై నలభై ఏళ్ళు కాపురం చేసిన మనుషులు ఒకరినొకరు కొత్తగా చూసుకోవడం నేను ఆ రోజే చూశాను.

"ఈ వైన్ ఇదివరకు ఇక్కడే తాగాను. ఇట్లా లేదే!" అన్నాడు చివరికి.

"ఇదే సీసా సార్. పక్కనున్నది మారింది."

ఓనర్ పేపరు మడిచి లేచి వచ్చాడు. "నాక్కూడా ఒక ముద్ద పెట్టు," అన్నాడు. నిలబడే తిన్నాడు, తాగాడు. "ఎట్టయ్యా ఇది?" అన్నాడు గొంతు తగ్గించి. చింతపండూ ద్రాక్షా ఒకే పులుపన్న సంగతి చెప్పాను. చెరువుల్లో నీళ్ళ గుణం పరీక్షించుకుంటూ బతికిన మనిషి, వెంటనే అందుకున్నాడు.

"నీళ్ళు కుదిరితేనే రొయ్య నిలబడేది. అదేగా?"

"అదే సార్."

"షెడ్డు జోలికి పోను. ఆ ఎర్ర సీసాలు మటన్ తినేవాళ్ళకి అమ్ముకోండి," అని, పెద్దాయన అడక్కుండానే కుర్చీ లాక్కుని ఆయన టేబుల్ దగ్గరే కూర్చున్నాడు. ఇంకో పళ్ళెం తెమ్మన్నాడు.

వెనక్కి వెళ్ళాను. ఏమైతే అదవుతుందని ఆడబిడ్డ ఖాళీ దాకలు కడిగి, గడ్డి చుట్టి, తాళ్ళతో కట్టేసి ఉంది. అక్క పొయ్యి ముందు పీట మీద కూర్చుంది.

"విప్పండి," అన్నాను.

ఆడబిడ్డ తాడు ముడి పళ్ళతో లాగింది. అక్క చీర కొంగుతో మెడ తుడుచుకుంది. తర్వాత చెయ్యి చాపింది.

"ఆ సీసా ఇట్టా తే. నా పులుసుకి తోడు దొరికిందంట గదా. ఎవరో ఏందో చూడాల గదా."

"తాగుతావా అక్కా?"

"తాగను. చూస్తా."

గరిటె చివర కొన్ని చుక్కలు పోశాను. ముందు పులుసు నాలుక మీద వేసుకుంది, తర్వాత ఆ చుక్కలు. కళ్ళు మూసుకుంది. మళ్ళీ పులుసు ఒక్కటే వేసుకుంది, వైన్ లేకుండా. తన వస్తువు తన దగ్గరే ఉందా అని తడిమి చూసుకున్నట్టు.

"నాదేనబ్బా," అంది నెమ్మదిగా. "ఉప్పు నాదే, పులుపు నాదే. మింగినాక కూడా పోకుండా ఈడనే ఉండాది. ఇంత దూరం పోతాదని నాకే తెలీదు."

పొయ్యిలో ఒక కట్టె విరిగి కిందికి జారింది. అక్క కొంగు నడుముకు దోపుకుని లేచింది.

"జరుగన్నా అడ్డం. రేపటికి చింతపండు నానెయ్యాల."